అరసవల్లి దగ్గర మా ఇంటికి బుకింగ్‌లు ఎలా పెరిగాయంటే

శ్రీకాకుళంలో మా ఇంటి కింది పోర్షన్ రోజువారీ అద్దెకిస్తున్నాం. ఆదివారం సూర్యనారాయణస్వామి దర్శనానికి జనం పోటెత్తుతారు, అయినా పోర్షన్ ఖాళీగానే ఉండేది. యాప్‌లో ఏసీ, టీవీ కనిపిస్తున్నాయి గానీ గుడి ఊసే లేదు. పేరులోనే ‘అరసవల్లి గుడికి దగ్గర’ అని చేర్చాం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కాబట్టి, అక్కడి నుంచి ఎలా రావాలో రాశాం.

తెల్లవారుజామున స్నానానికి వేడినీళ్లు ఉంటాయనీ, శనివారం రాత్రి ఎంత ఆలస్యమైనా తాళం ఇస్తామనీ చెప్పాం. అన్నింటికంటే బాగా పనిచేసింది ఇదే. పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లకి ఆ టెన్షన్ చాలా ఉంటుంది మరి.

రథసప్తమికి, స్వామిని సూర్యకిరణాలు తాకే మార్చి, అక్టోబరు రోజులకి బుకింగ్ ముందే తెరుస్తున్నాం. శ్రీకూర్మం గుడి, శాలిహుండం బౌద్ధ క్షేత్రం, కళింగపట్నం బీచ్ కూడా చూడొచ్చని రాశాక కొందరు రెండో రాత్రి కూడా ఉంటున్నారు.