స్ట్రెచ్ మార్కులకు లేజర్ చికిత్స: ఎదురయ్యే ఇబ్బందులు, వాటి కారణాలు, పరిష్కారాలు

ఎండకు చర్మం కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి చర్మాన్ని ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ పట్టికలో తెలుగువారు ఎక్కువగా నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. తెల్లని చర్మానికి సరిపోయిన లేజర్ అమరికలనే మన చామనఛాయ చర్మానికీ వాడితే, కింద చెప్పిన ఇబ్బందుల్లో మొదటిది తలెత్తే అవకాశం ఎక్కువ.

లక్షణం: చికిత్స జరిగిన కొన్ని వారాలకు స్ట్రెచ్ మార్కుల మీద, అంటే చర్మం సాగడం వల్ల పడిన చారల మీద, చుట్టుపక్కల చుక్కలు చుక్కలుగా నల్లబడటం.

కారణం: లేజర్ వేడికి చర్మంలో వాపు పుట్టి, దానికి స్పందనగా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అధికంగా తయారవుతుంది. 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల, చర్మాన్ని చుక్కలు చుక్కలుగా మాత్రమే తాకే (ఫ్రాక్షనల్) కార్బన్ డయాక్సైడ్ లేజర్ చర్మపు పైపొరను సన్నని రంధ్రాలుగా ఆవిరి చేస్తుంది కనుక దానితో ఈ ముప్పు ఎక్కువ. పైపొరను చాలావరకు అలాగే ఉంచి లోపల వేడి పుట్టించే 1540, 1550 నానోమీటర్ల లేజర్లతో తక్కువ, అయితే పూర్తిగా లేకపోలేదు.

పరిష్కారం: నలుపు తగ్గేవరకు తదుపరి సిట్టింగ్ వాయిదా వేయించుకోవాలి. సాధారణంగా కొన్ని నెలల్లో అది దానంతటదే పలచబడుతుంది. వైద్యులు నలుపు తగ్గించే అజెలాయిక్ ఆమ్లం లేదా హైడ్రోక్వినోన్ క్రీము సూచించవచ్చు. ఎండ తగిలే భాగమైతే సన్‌స్క్రీన్ తప్పనిసరి. నడుము దగ్గర లంగా బొందు, బెల్టు ఒరుసుకోవడం వల్ల కూడా నలుపు నిలిచిపోతుందన్నది చాలామంది పట్టించుకోరు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రంధ్రాల సాంద్రత తగ్గించి, చర్మాన్ని చల్లబరుస్తూ, ముందు చిన్న భాగంలో పరీక్షించి చూడమని అడగడం రోగి హక్కు. తొందరపడి సిట్టింగులు కలిపి చేయించుకోవడం కన్నా ఎడం పెంచడమే మేలని నా అభిప్రాయం.

లక్షణం: గరుకుదనం తగ్గినా చారలు తెల్లగానే ఉండిపోవడం.

కారణం: చార కొత్తదైనప్పుడు ఎర్రగా, మన చర్మంలో ఊదాగా లేదా గోధుమరంగుగా కనబడుతుంది, అప్పుడు అందులో రక్తనాళాలు చురుకుగా ఉంటాయి. తెల్లబడిన పాత చారలో అవి తగ్గిపోతాయి కాబట్టి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను లక్ష్యంగా చేసుకునే 585, 595 నానోమీటర్ల డై లేజర్‌కు అక్కడ పెద్దగా పని ఉండదు. ఫ్రాక్షనల్ లేజర్ చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను పెంచుతుందే తప్ప పోయిన రంగును నమ్మకంగా తిరిగి తేలేదు.

పరిష్కారం: రంగు కోసం 308 నానోమీటర్ల ఎక్సైమర్ కాంతిని వాడతారు, కానీ ఆ రంగు నిలవాలంటే అప్పుడప్పుడు మళ్లీ చేయించాలి, చుట్టూ ఉన్న చర్మం నల్లబడే అవకాశమూ ఉంది. చార పూర్తిగా మాయమవుతుందని హామీ ఇచ్చే చోట డబ్బు కట్టకపోవడం మంచిది.

లక్షణం: బొబ్బలు, చీము, పెరుగుతున్న నొప్పి.

కారణం: ముదురు చర్మంలో మెలనిన్ కూడా డై లేజర్ కాంతిని పీల్చుకుని కాలుతుంది; శక్తి మోతాదు ఎక్కువైతే ఏ లేజర్‌తోనైనా బొబ్బలు రావచ్చు. చీము మాత్రం ఇన్ఫెక్షన్ సూచన.

పరిష్కారం: బొబ్బను చిదమకుండా వెంటనే వైద్యులకు చూపించాలి. కొత్త చారలకు మళ్లీ లేజర్ అవసరమైతే, మెలనిన్ తక్కువగా పీల్చుకునే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ గురించి అడగవచ్చు.

లక్షణం: చికిత్స సాగుతుండగానే కొత్త చారలు పడటం.

కారణం: తప్పు లేజర్‌ది కాకపోవచ్చు. తామరకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిపిన క్రీములను గజ్జల్లో నెలల తరబడి రాసుకునేవారిలో వెడల్పాటి చారలు పడతాయి. గర్భం, వేగంగా బరువు పెరగడం, అరుదుగా శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ అధికమయ్యే కుషింగ్ వ్యాధి కూడా కారణాలే.

పరిష్కారం: వాడుతున్న ప్రతి క్రీమునూ వైద్యులకు చూపించి, అసలు కారణం తేలేవరకు లేజర్ ఆపించాలి.