పోకెమాన్ టీమ్ ఓడిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి పోకెమాన్ షోడౌన్ (పోకెమాన్ అనే ప్రాణుల టీమ్ కట్టి, ఇద్దరు ఆటగాళ్లు టర్న్‌ల వారీగా, అంటే వంతులవారీగా, పోరాడే ఆట) ఆడే పిల్లలు తరచూ నాకు వాళ్ల టీమ్‌లు పంపుతుంటారు. చాలామంది దగ్గర నింటెండో స్విచ్ గేమ్ మెషిన్ ఉండదు. ఫోన్ బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే షోడౌనే వాళ్ల ఆటస్థలం. అందరూ అడిగేది ఒకటే: "అన్నయ్యా, ఎవర్ని తీసేసి ఎవర్ని పెట్టను?"

దానికి వెంటనే జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఓడినవాడి చూపు ఆఖర్న పడిపోయిన పోకెమాన్ మీదే ఉంటుంది. కాలువ శివారు పొలానికి నీరందకపోతే తప్పు ఆ పొలానిది కాదు, ఎగువన ఏ తూము దగ్గరో ఉంటుంది. ఇక్కడా అంతే. పదిహేనో టర్న్‌లో పడినవాడి సంగతి చాలాసార్లు మూడో టర్న్‌లోనే తేలిపోయి ఉంటుంది.

అందుకని టీమ్ మీద చెయ్యి వేసే ముందు, ఓడిన ఆటల రీప్లేలు మూడు నాలుగు చూడండి. ఆట అయిపోగానే రీప్లే దాచుకునే బటన్ అక్కడే వస్తుంది. చివరి టర్న్ నుంచి వెనక్కి నడవండి. ప్రతి టర్న్ దగ్గరా ఆగి "ఇక్కడ వేరే మూవ్ వేస్తే గెలిచేవాడినా?" అని అడగండి. లేదు, లేదు, లేదు అనుకుంటూ వెళ్తే ఒకచోట "అవును" వస్తుంది. చూడాల్సింది ఆ టర్న్‌ని. అక్కడ కనిపించినదాన్ని బట్టి కింది వాటిలో మీది ఏదో వెతుక్కోండి. ఇవి ఎక్కువగా ఆరుగురి టీమ్‌తో, ఒక్కొక్కరినే దింపి ఆడే సింగిల్స్‌కి సంబంధించినవి. ఇద్దరిద్దరిని దింపి ఆడే డబుల్స్ గురించి చివర్లో కొంచెం చెబుతాను.

"లోపలికి వచ్చేసరికే సగం ప్రాణం పోతోంది"

నాకు వచ్చే టీమ్‌లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. కారణం స్టెల్త్ రాక్. ప్రత్యర్థి ఒక్క టర్న్ ఖర్చుపెట్టి మీ వైపు రాళ్లు పరుస్తాడు. ఆ తర్వాత ఎవరు లోపలికి వచ్చినా దెబ్బ తగులుతుంది. టైప్ అంటే పోకెమాన్‌కీ మూవ్‌కీ ఉండే నీరు, నిప్పు, రాయి లాంటి గుణం. రాక్ టైప్ దెబ్బ మామూలుగా తగిలేవాళ్లకి హెచ్‌పీలో, అంటే ప్రాణంలో, ఎనిమిదో వంతు పోతుంది. రెట్టింపు బలహీనత ఉంటే నాలుగో వంతు, నాలుగు రెట్లయితే ఏకంగా సగం.

పాలకొల్లులో ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు పంపిన టీమ్‌లో చారిజార్డ్, గ్యారడోస్, డ్రాగనైట్ ముగ్గురూ ఉన్నారు. ముగ్గురూ ఫ్లయింగ్ టైపే, అంటే ముగ్గురూ రాక్ దెబ్బకి బలహీనులే. "చారిజార్డ్ బాగా వీక్ అన్నయ్యా, తీసేస్తా" అన్నాడు. రీప్లే పెట్టి చూశాం. ప్రత్యర్థి గార్చోంప్ మొదటి టర్న్‌లోనే రాళ్లు వేసింది. చారిజార్డ్ హెచ్‌పీ 297. మొదటిసారి రాగానే 148 పోయి 149 మిగిలింది. ఒక దెబ్బైనా కొట్టకుండానే వెనక్కి పిలిచాడు. రెండోసారి రాగానే మరో 148 పోయి 1 మిగిలింది. ఆ తర్వాత అది ఎవరి చేతిలో పడిపోయిందన్నది లెక్కలోకి రాని విషయం. చారిజార్డ్‌ని తీసేసి మోల్ట్రెస్‌ని పెట్టినా ఇదే జరిగేది, ఎందుకంటే దానిదీ ఫైర్, ఫ్లయింగ్ జోడీయే.

ఆ 1 హెచ్‌పీ మిగలడం కూడా ఊరికే జరగలేదు. 297 బేసి సంఖ్య కాబట్టి సగం లెక్క కిందికి దిగింది. మిగిలిన 4 ఈవీలు (పోకెమాన్ బలాలు పెంచడానికి పంచే పాయింట్లు) ఎక్కడో ఒకచోట పడేద్దామని హెచ్‌పీలో పెట్టి ఉంటే 298 అయ్యేది. అప్పుడు రెండోసారి లోపలికి రాగానే నేరుగా పడిపోయేది. నాలుగు రెట్ల బలహీనత ఉన్నవాళ్ల హెచ్‌పీ ఎప్పుడూ బేసిగా ఉంచండి.

పరిష్కారాల్లో మొదటిది హెవీ డ్యూటీ బూట్స్. 2019లో స్వోర్డ్, షీల్డ్ ఆటలతో వచ్చిన ఐటమ్ (పోకెమాన్‌కి ఇచ్చే వస్తువు) ఇది. తొడిగినవాళ్లకి రాళ్ల దెబ్బ ఉండదు. చారిజార్డ్‌కి లైఫ్ ఆర్బ్ ఇస్తే దెబ్బ 1.3 రెట్లు అవుతుంది నిజమే, కానీ రాళ్ల మీదుగా వచ్చి సగం ప్రాణంతో కొట్టే 1.3 రెట్ల కంటే నిండు ప్రాణంతో రెండు మూడుసార్లు వచ్చి కొట్టే మామూలు దెబ్బే మేలు. డ్రాగనైట్‌కి బూట్లతో లాభం ఇంకా ఎక్కువ. దాని ఎబిలిటీ (పోకెమాన్‌కి ఉండే ప్రత్యేక శక్తి) మల్టీస్కేల్, నిండు హెచ్‌పీ ఉన్నప్పుడే పడే దెబ్బను సగానికి తగ్గిస్తుంది. రాళ్లు ఒక్కసారి తగిలితే ఆ రక్షణ పోయినట్టే.

బూట్లు ఉన్నా ఎవరైనా నాక్ ఆఫ్ వేస్తే ఐటమ్ ఊడిపోతుంది. అందుకని రాళ్లు ఊడ్చేవాళ్లు కూడా ఒకరు ఉండాలి, రాపిడ్ స్పిన్‌తోనో డీఫాగ్‌తోనో. ఇక్కడ చాలామంది బోల్తా పడేది గోల్డెంగో దగ్గర. అది ఘోస్ట్ టైప్ కాబట్టి దాని ముందు రాపిడ్ స్పిన్ పనిచేయదు. దాని ఎబిలిటీ గుడ్ ఆజ్ గోల్డ్ డీఫాగ్‌ని కూడా అడ్డుకుంటుంది. కాబట్టి ఊడ్చేవాడికి గోల్డెంగోని కొట్టే మూవ్ కూడా ఉండాలి. గ్రేట్ టస్క్ అందుకే నాకు ఇష్టం. రాపిడ్ స్పిన్ వేస్తుంది, గోల్డెంగో అడ్డొస్తే గ్రౌండ్ మూవ్‌తో రెట్టింపు దెబ్బ కొడుతుంది. గోల్డెంగో వస్తుందని అనిపించిన టర్న్‌లో స్పిన్ వేయకుండా ముందే గ్రౌండ్ మూవ్ వేయండి. ఆ ఒక్క దెబ్బ తగిలితే తర్వాత స్పిన్‌కి అడ్డు రావాలంటే దానికి భయం వేస్తుంది.

"వాన ఆగగానే టీమ్ చప్పబడిపోతోంది"

వాన టీమ్ అంటే మనవాళ్లకి మోజు ఎక్కువ. పెలిప్పర్ లోపలికి రాగానే వాన పడుతుంది, వాటర్ మూవ్‌లు 1.5 రెట్లు అవుతాయి, స్విఫ్ట్ స్విమ్ ఉన్న బర్రాస్క్యూడా లాంటివాళ్ల స్పీడ్ రెట్టింపవుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ వాన 5 టర్న్‌లే. పెలిప్పర్ ఒక టర్న్ నిలబడి, ఇంకో టర్న్ మార్పిడికి పోతే మీకు దక్కేది రెండు మూడు టర్న్‌లు. ఆ వ్యవధిని ప్రత్యర్థి దెబ్బను ఆపే ప్రొటెక్ట్ మూవ్‌తో, పోకెమాన్‌ల మార్పిడులతో గడిపేస్తాడు.

డాంప్ రాక్ అనే ఐటమ్ ఇస్తే వాన 8 టర్న్‌లు ఉంటుంది. అయితే పెలిప్పర్ వాటర్, ఫ్లయింగ్ కాబట్టి వచ్చిన ప్రతిసారీ రాళ్లకి నాలుగో వంతు పోగొట్టుకుంటుంది. డాంప్ రాక్ పెడితే బూట్లకి చోటుండదు. అందుకే వాన టీమ్‌కి రాళ్లు ఊడ్చేవాడు అదనపు సదుపాయం కాదు, తప్పనిసరి. పెలిప్పర్‌కి ప్రాణం నింపుకునే రూస్ట్, కొట్టి వెంటనే వేరొకరికి చోటిచ్చే యూ టర్న్ రెండూ ఇవ్వండి. యూ టర్న్ ఇక్కడ మంచి పనిముట్టు: పెలిప్పర్ నెమ్మది కాబట్టి సాధారణంగా ముందు దెబ్బ తనే తిని, తర్వాత వెళ్లిపోతుంది. దాని స్థానంలో వచ్చేవాడు దెబ్బ తగలకుండా నిండుగా నిలబడతాడు.

గ్యారడోస్, పెలిప్పర్ రెండింటినీ ఒకే టీమ్‌లో పెడితే ఇద్దరికీ ఎలక్ట్రిక్ నాలుగు రెట్లు తగులుతుంది. గ్రౌండ్ టైప్ ఒకరు లేకుండా ఆ జోడీని ఆడకండి. వోల్ట్ స్విచ్ వేసి తప్పించుకునేవాళ్లని ఆపగలిగేది కూడా గ్రౌండ్ టైపే.

"ఎప్పుడూ ముందు దెబ్బ వాళ్లదే"

అందరికీ స్పీడ్‌లో 252 ఈవీలు పెట్టేశాం కదా అంటారు. ఒక బలాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గించే నేచర్‌ని మాత్రం చూడరు. గార్చోంప్‌కి స్పీడ్ పెంచే జాలీ నేచర్ ఇస్తే లెవెల్ 100 దగ్గర స్పీడ్ 333. అటాక్ పెంచే ఆడమెంట్ ఇస్తే 303. బేస్ స్పీడ్ (ఆ పోకెమాన్‌కి సహజంగా ఉండే వేగం) 100 ఉన్నవాళ్లు నిండా పెంచుకుంటే 328కి చేరతారు. అంటే జాలీ అయితే వాళ్లందరికంటే గార్చోంప్ ముందు, ఆడమెంట్ అయితే వెనక. ఒక్క నేచర్ మార్పుతో తారుమారైపోయే సంగతి ఇది.

అలాగని అందరికీ జాలీ పెట్టమని కాదు. చాయిస్ స్కార్ఫ్ ఇస్తే స్పీడ్ 1.5 రెట్లు అవుతుంది. ఆడమెంట్ గార్చోంప్ 303 కాస్తా 454 అవుతుంది. నిండా పెంచిన డ్రాగాపల్ట్ స్పీడ్ 421, దాన్ని కూడా దాటేస్తుంది. బదులుగా ఒకే మూవ్‌కి కట్టుబడి ఉండాలి. మీ టీమ్‌ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఇద్దరు ముగ్గురి స్పీడ్ రాసుకోండి, మీవాళ్లలో ఒక్కరైనా దాన్ని దాటేలా చూసుకోండి. దాటలేని నెమ్మది పోకెమాన్‌కి స్పీడ్‌లో పెట్టిన ఈవీలన్నీ వృథా. అవి హెచ్‌పీకి మళ్లించండి. మొత్తం ఈవీలు 510, ఒక్కో దానికి గరిష్ఠం 252 అని గుర్తుంచుకుంటే ఎక్కడ తగ్గించి ఎక్కడ పెంచాలో తేలిగ్గా తెలుస్తుంది.

"ఆఖర్న ఒక్కడొచ్చి అందర్నీ ఊడ్చేస్తున్నాడు"

ఆ ఒక్కడు చాలాసార్లు కింగాంబిట్టే. దాని ఎబిలిటీ సుప్రీమ్ ఓవర్‌లార్డ్ వల్ల తన వైపు పడిపోయిన ప్రతి ఒక్కరికీ దెబ్బ 10 శాతం పెరుగుతుంది. ఐదుగురూ పడిపోయాక వస్తే 50 శాతం ఎక్కువ. అంటే ఆటలో మీరు గెలుస్తున్నట్టు కనిపించేకొద్దీ అది బలపడుతోంది. పైగా ఎదుటివాడి కంటే ముందే తగిలే సకర్ పంచ్ ఉంటుంది కాబట్టి మీ స్పీడ్ పెద్దగా పనికిరాదు.

ఇక్కడ తప్పు చివర్లో జరగదు. కింగాంబిట్‌ని ఆపగల మీ గ్రేట్ టస్క్‌ని ఆరో టర్న్‌లోనే ఇంకెవరి కోసమో బలి ఇచ్చి ఉంటారు. ఆట మొదలయ్యే ముందు రెండు టీమ్‌లూ కనిపిస్తాయి కదా, అక్కడే ఆగి అడగండి: వాళ్లలో ముగించేవాడు ఎవరు, వాడికి నా దగ్గర ఎవరున్నారు? ఆ ఒక్కరినీ చివరిదాకా దాచుకోండి. మధ్యలో ఇంకెవరు పోయినా ఫర్వాలేదు. కింగాంబిట్ ఫైటింగ్ దెబ్బకి నాలుగు రెట్లు బలహీనం. కానీ టెరా (ఆటలో ఒకసారి టైప్ మార్చుకునే వీలు) వాడి ఘోస్ట్‌గా మారితే ఫైటింగ్ అసలు తగలదు. గ్రేట్ టస్క్‌కి గ్రౌండ్ మూవ్ ఉండాల్సింది ఇందుకు కూడా. సకర్ పంచ్‌కి ఒక లొసుగుంది. ఎదుటివాడు దాడి మూవ్ వేస్తేనే అది పనిచేస్తుంది. ఎదుటివాడిని కాల్చే విల్ ఓ విస్ప్ లాంటి దెబ్బ లేని మూవ్ వేస్తే సకర్ పంచ్ విఫలమవుతుంది. పైగా కాలిన పోకెమాన్ కొట్టే ఫిజికల్ దెబ్బలన్నీ సగమవుతాయి.

డ్రాగన్ డాన్స్, స్వోర్డ్స్ డాన్స్ వేసుకుని పెరిగిపోయేవాళ్లకి మందు వేరు. అన్‌అవేర్ ఎబిలిటీ ఉన్న డోండోజో, స్కెలిడర్జ్, క్లాడ్‌సైర్‌లలో ఒకరు ఉంటే వాళ్లు పెంచుకున్న బలమేదీ లెక్కలోకి రాదు.

"కొడుతున్నా పడటం లేదు, పడాల్సినప్పుడు మిస్"

ముందు మూవ్ ఫిజికలా (అటాక్ బలంతో కొట్టేది) స్పెషలా (స్పెషల్ అటాక్ బలంతో కొట్టేది) చూడండి. గార్చోంప్‌కి అటాక్ 130, స్పెషల్ అటాక్ 80. స్పెషల్ మూవ్ అయిన డ్రాకో మీటియర్ పేరు గంభీరంగా ఉందని దానికి ఇస్తే చేతిలో ఉన్న బలం వదిలేసినట్టే.

మిస్ అవడం దురదృష్టం అనుకుంటారు గానీ, ఫోకస్ బ్లాస్ట్ 70 శాతమే తగులుతుంది. రెండుసార్లు వరసగా తగలాలంటే 49 శాతం, సగం కూడా లేదు. ఫైర్ బ్లాస్ట్ 110 బలం, 85 శాతం. ఫ్లేమ్‌త్రోయర్ 90 బలం, 100 శాతం. షోడౌన్ వాళ్ల డ్యామేజ్ కాలిక్యులేటర్ తెరిచి, మీరు పడగొట్టాల్సినవాడికి ఫ్లేమ్‌త్రోయర్‌తోనే సరిపోతుందేమో చూడండి. సరిపోతే అదే పెట్టండి. సరిపోకపోతేనే ఫైర్ బ్లాస్ట్.

"నెట్ పోయి టైమ్ అయిపోయి ఓడిపోతున్నా"

వరదల రోజుల్లో, కరెంటు కోతల్లో లంక గ్రామాల పిల్లలకి ఇది మామూలే. అలాంటి ఓటములు టీమ్ లెక్కలోకి తీసుకోకండి. వాటి టెన్షన్‌లో టీమ్‌ని తిరగరాసేవాళ్లని చూశాను, బాధేస్తుంది.

"డబుల్స్‌లో రెండో టర్న్‌కే ఇద్దరు పోతున్నారు"

సింగిల్స్ టీమ్‌ని తీసుకెళ్లి డబుల్స్‌లో దింపితే ఇదే జరుగుతుంది. అధికారిక పోటీల పద్ధతిలో ఆడే డబుల్స్‌లో ఆరుగురిలో నలుగురినే ఎంచుకోవాలి, లెవెల్ 50, ఒకే ఐటమ్ ఇద్దరికి ఇవ్వకూడదు. సింగిల్స్‌లో అంతగా అక్కరలేని ప్రొటెక్ట్ అక్కడ దాదాపు అందరికీ కావాలి. ప్రత్యర్థులిద్దరూ మీ ఒక్కరి మీద పడే టర్న్‌లో ప్రొటెక్ట్ వేస్తే వాళ్ల రెండు దెబ్బలూ వృథా, ఈలోగా పక్కవాడు తన పని చేసుకుంటాడు. భూకంపం తెప్పించే ఎర్త్‌క్వేక్ పక్కన ఉన్న మీవాడికీ తగులుతుంది, కాబట్టి జోడీగా ఫ్లయింగ్ వాడినో లెవిటేట్ ఉన్నవాడినో నిలబెట్టండి. మీ వైపు స్పీడ్ రెట్టింపు చేసే టెయిల్‌విండ్ 4 టర్న్‌లు, నెమ్మదివాళ్లకి ముందు వంతు ఇచ్చే ట్రిక్ రూమ్ 5 టర్న్‌లు ఉంటాయి. ఈ రెండింటిలో ఏదీ లేని టీమ్‌కి స్పీడ్ మీద పట్టు దొరకడం కష్టం.

ఏ మార్పు చేసినా ఒకేసారి ఒక్కటే చేయండి. నలుగురిని మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మార్చే ముందు పాత టీమ్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ టెక్స్ట్‌ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. కొత్తదానికి వేరే పేరు పెట్టి పది పదిహేను ఆటలు ఆడాక, ఓడిన రీప్లేలు మళ్లీ వెనక నుంచి చూడండి. "అవును" వచ్చే టర్న్ ఈసారి వేరే చోట కనిపిస్తే మొదటి లోపం తీరినట్టు. అప్పుడు రెండోదాని మీద పడండి.