పర్లాకిమిడి నుంచి యూనివర్సిటీ హాకీ జట్టు దాకా: కోచ్ కంట పడే దారి

కాలేజీ కోచ్‌లు దక్షిణ ఒడిశాలోని మన తెలుగువాళ్ల ఊళ్లకు రారు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాత పని తేలిక. ఒడిశాలో హాకీ అంటే మొదట సుందర్‌గఢ్ జిల్లా, తర్వాత భువనేశ్వర్. 2023 ప్రపంచకప్ కోసం కట్టిన బిర్సా ముండా స్టేడియం, పన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్, సెయిల్ హాకీ అకాడమీ మూడూ రూర్కెలాలోనే ఉన్నాయి. భారత జట్టుకు ఆడిన దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్, దీప్ గ్రేస్ ఎక్కా పుట్టిందీ ఆ జిల్లాలోనే. జట్టుకు కొత్త పిల్లలు కావలసిన కోచ్ ముందు ఆ హాస్టళ్లకే ఫోన్ చేస్తాడు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం పిల్లల పేర్లు ఆ ఫోన్‌లో వినిపించవు. ఆట తక్కువై కాదు, అవతలివాళ్లకు మనం తెలియక. ఆ తెలియజేసే పని పిల్లలు, తల్లిదండ్రులు, బడిలోని పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) కలిసి చేయాలి. అది తొమ్మిదో తరగతిలోనే మొదలవ్వాలి. ప్లస్ టూ పరీక్షలయ్యాక మొదలుపెడితే ఒక ఏడాది పోయినట్టే.

పిల్ల ఇంకా పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఉంటే కాలేజీ మాట పక్కన పెట్టి స్పోర్ట్స్ హాస్టల్ ట్రయల్స్ ప్రకటన కోసం చూడండి. రాష్ట్ర క్రీడల శాఖ హాస్టళ్లకు ఎంపిక ఆ చిన్న వయసులోనే జరుగుతుంది. అక్కడ చేరిన పిల్లలకు రోజూ టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం), ఏటా పోటీలు, కాలేజీ కోచ్‌ల పరిచయం వాటంతట అవే వస్తాయి. ఆ వయసు దాటిపోయినవాళ్ల కోసమే ఈ మిగతాదంతా.

ముందు పేరు సరిచేయించండి

ట్రయల్స్‌లో మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది కాగితాల దగ్గర. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా బడిలో చివర రాస్తారు. ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. పుట్టిన తేదీ పత్రంలో మరో తీరు. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు ఉంటే పరిశీలన బల్ల దగ్గరే ఆపేస్తారు. మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో పడిన పేరే ఇకపై లెక్క కాబట్టి తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ ఫారం నింపే రోజున తల్లో తండ్రో వెళ్లి, ఆధార్, పుట్టిన తేదీ పత్రం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. తర్వాత మార్చాలంటే బోర్డు చుట్టూ తిరగాలి.

తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం, కులం పత్రం ముందే తీసి ఉంచండి. ఆంధ్రలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు. ఇచ్ఛాపురంలోని బంధువుల కాగితం చూసి మనకూ అదే వర్తిస్తుందని అనుకోవద్దు.

ఏ రాష్ట్రం తరఫున ఆడాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. హాకీ ఇండియా రిజిస్ట్రేషన్ రాష్ట్ర సంఘం ద్వారా జరుగుతుంది. ఒకసారి ఒడిశాలో నమోదయ్యాక ఆంధ్రకు మారాలంటే పాత సంఘం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఒడిశా జట్టులో చోటు దొరకడం కష్టమని చాలామంది సరిహద్దు దాటుతారు. ఆ లెక్కలో నిజం ఉంది. చదువు కూడా అక్కడే సాగితేనే మారండి. బడి ఒకచోట, ఆట ఒకచోట అయితే స్కూల్ గేమ్స్ దారి మూసుకుపోతుంది.

ఏ సర్టిఫికెట్‌కు విలువ

పనికొచ్చేవి ఇవి: స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-17, అండర్-19 పోటీలు, హాకీ ఇండియా సబ్ జూనియర్, జూనియర్ పోటీలు, ఖేలో ఇండియా. వీటిలో జిల్లా కంటే రాష్ట్రానికి, రాష్ట్రం కంటే జాతీయ స్థాయికి బరువు ఎక్కువ. ఊరూరా జరిగే ప్రైజ్ మనీ టోర్నమెంట్లు ఆటకు మంచివే, కాలేజీ సీటుకు పనికిరావు. డబ్బు కట్టించుకుని ‘నేషనల్’ అని పేరు పెట్టి కాగితం ఇచ్చే సంస్థలు కొన్ని తిరుగుతుంటాయి. వాటి ఫీజు కట్టే ముందు నిర్వాహకులకు హాకీ ఇండియా గుర్తింపో, స్కూల్ గేమ్స్ గుర్తింపో ఉందేమో చూడండి. దొంగ సర్టిఫికెట్‌తో సీటు తెచ్చుకుంటే అది రద్దయ్యే రోజు ఎప్పుడైనా రావచ్చు.

ఒక చిన్న ముందుచూపు. తర్వాత రైల్వే, పోలీసు, బ్యాంకు ఉద్యోగాలకు వెళ్లినప్పుడు కేంద్రం నిర్దేశించిన నమూనాలు అడుగుతారు. జాతీయ పోటీలో రాష్ట్రం తరఫున ఆడినదానికి ఫారం-2, అంతర విశ్వవిద్యాలయ పోటీకి ఫారం-3, స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. పోటీ అయిన నెలలోనే సంతకం చేయించుకోండి. రెండేళ్ల తర్వాత ఆ అధికారి అక్కడ ఉండడు.

కంకర నుంచి టర్ఫ్‌కి

మన పిల్లలు కంకర మీద నేర్చుకుంటారు. అక్కడ బంతి ఎగురుతుంది కాబట్టి నడుము నిటారుగా ఉంచి, స్టిక్ నిలువుగా పట్టి ఆపుతారు. టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని, దాదాపు రెట్టింపు వేగంతో వస్తున్నట్టు అనిపిస్తుంది. నిలువు స్టిక్ కింది నుంచి జారిపోతుంది. ట్రయల్స్‌లో మొదటి పది నిమిషాల్లో మూడు బంతులు జారితే కోచ్ నోట్‌బుక్కులో గీత పడిపోతుంది.

దీనికి టర్ఫ్ లేకుండానే సగం మందు ఉంది. బడిలో సిమెంటు చేసిన బ్యాడ్మింటన్ కోర్టో, ప్రార్థన జరిగే గచ్చో చాలు. నీళ్లు చల్లి, మోకాళ్లు వంచి, స్టిక్‌ను దాదాపు నేల మీద పడుకోబెట్టి ఆపడం సాధన చేయాలి. కుడివైపు 50, రివర్స్ వైపు (స్టిక్ తిప్పి ఎడమవైపు) 50, రోజూ. తడి గచ్చు మీద జారకుండా అడుగున గుబ్బలున్న బూట్లు వేసుకోవాలి. ట్రయల్స్‌కు కనీసం రెండు వారాల ముందు నిజమైన టర్ఫ్ మీద నాలుగైదు సార్లయినా ఆడాలి. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లకు రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్, రాయగడ వాళ్లకు ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ నేరుగా రూర్కెలా చేరుస్తాయి. ట్రయల్స్‌కైతే ముందు రోజే దిగండి. రాత్రంతా జనరల్ బోగీలో కూర్చుని వచ్చిన పిల్లాడు పొద్దున యో-యో పరుగులో (ఓర్పు చూసే పరుగు పరీక్ష) నిలవలేడు.

పెనాల్టీ కార్నర్‌లో ఖాళీ వెతకండి

పెనాల్టీ కార్నర్‌లో, అంటే తప్పు చేసిన జట్టు గోల్ మీదకు వెనక గీత నుంచి బంతి నెట్టి మొదలుపెట్టే దాడిలో, డ్రాగ్ ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరే దెబ్బ) కొట్టాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది. బంతిని వెనక గీత నుంచి నెట్టే ఇంజెక్టర్, దాన్ని ఆపే స్టాపర్ మాత్రం ఏ జట్టుకైనా కొరతే. టర్ఫ్ లేని ఊళ్లో కూడా నేర్చుకోగలిగిన పని ఇది. అందుకే మన ప్రాంతపు పిల్లలకు ఇంతకంటే మంచి తలుపు మరొకటి లేదని గట్టిగా చెబుతాం.

గోల్ పోస్టు నుంచి 10 మీటర్ల దూరంలో వెనక గీత మీద బంతి పెట్టి, సర్కిల్ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) అంచు బయటికి నెట్టాలి. సర్కిల్ వ్యాసార్థం 14.63 మీటర్లు. అంచున స్టిక్ తల పట్టేంత ఎడంతో రెండు ఇటుకలు పెట్టండి. పది నెట్టుల్లో ఎన్ని ఆ సందులోంచి వెళ్లాయో రాసుకోండి. మొదటి నెలలో నాలుగైదు పడతాయి. పదికి తొమ్మిది పడుతూ, బంతి ఎగరకుండా పోతుంటే ఆ వీడియో ఒక్కటే కోచ్‌ని ఆపుతుంది. గీత మీద పాదం ఎక్కడ పెట్టాలో ముందే గుర్తు పెట్టుకోకపోవడం సాధారణంగా జరిగే తప్పు. దానివల్ల బంతి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతుంది. ఇక డ్రాగ్ ఫ్లిక్ నేర్పే పీఈటీలకు ఒక మాట: 14 ఏళ్లలోపు పిల్లల చేత రోజుకు వందలకొద్దీ కొట్టించకండి. నడుము వంచి మెలితిప్పే ఆ కదలిక ఎదిగే వెన్నుకు చేటు.

వీడియో

పాటలు, స్లో మోషన్, మెరుపులు వద్దు. సెంటర్ లైన్ ఎదురుగా, ఏదైనా డాబా మీదో ట్రాక్టర్ ట్రాలీ మీదో నిలబడి, ఫోన్ అడ్డంగా పట్టి తీయాలి. బంతి ఒక్కటే కాకుండా చుట్టూ ఇరవై మీటర్ల ఆట కనబడాలి. ఒక్కోటి పది సెకన్ల ముక్కలు పద్దెనిమిది కలిపితే మూడు నిమిషాలు. అంతకు మించితే ఎవరూ చూడరు. ప్రతి ముక్క మొదట్లో పిల్లవాడి మీద బాణం గుర్తు పెట్టండి. అందరి జెర్సీ ఒకే రంగు కదా. దాంతోపాటు ఒక పూర్తి క్వార్టర్, అంటే 15 నిమిషాలు, కోత లేకుండా వేరే లింకుగా ఇవ్వండి. మూడు నిమిషాలు నచ్చిన కోచ్ వెంటనే అడిగేది అదే.

ఏం చూపాలన్నది స్థానాన్ని బట్టి ఉంటుంది. డిఫెండర్ అయితే ఎదుటివాణ్ణి పక్కగీత వైపు తోలుకెళ్లి బంతి లాక్కోవడం, తర్వాత ఆ బంతిని తమ మనిషికి చేర్చడం. హాఫ్ (మధ్య వరుస ఆటగాడు) అయితే బంతి అందకముందే భుజం మీదుగా వెనక్కి చూడడం. ఫార్వర్డ్ అయితే గోల్స్‌తో పాటు బంతి పోగానే వెనక్కి పరుగెత్తి అడ్డుపడడం. గోల్‌కీపర్ మాత్రం తిన్న గోల్స్ కూడా రెండు పెట్టాలి. కాళ్లు ఎక్కడ ఉన్నాయో కోచ్‌కి వాటిలోనే తెలుస్తుంది.

ఎవరికి, ఎప్పుడు రాయాలి

మ్యాచ్ జట్టులో 18 మంది అనుకోండి. మూడు నాలుగేళ్ల చదువు కాబట్టి ఏటా ఐదారుగురు వెళ్తారు. గోల్‌కీపర్లు ఇద్దరే. ఆ చోటు ఏ రెండేళ్లకో ఒకసారి ఖాళీ అవుతుంది. కాబట్టి ‘మీ జట్టులో చోటు ఉందా’ అని కాకుండా ‘మీ లెఫ్ట్ హాఫ్ ఈ ఏడాది చదువు ముగించి వెళ్తున్నారా’ అని అడగండి. జట్టు గురించి తెలుసుకుని రాసినవాడికి జవాబు వస్తుంది.

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో స్పోర్ట్స్ కౌన్సిల్ లేదా ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగం పేజీలో చిరునామా దొరుకుతుంది. మొదటి మెయిల్ ప్లస్ టూ రెండో ఏడాది సెప్టెంబర్‌లో, రెండోది ఫిబ్రవరి–మార్చిలో పంపాలి. మధ్యలో పోటీల కాలం, కోచ్‌లకు తీరిక ఉండదు. మెయిల్ పిల్లలే రాయాలి, ఇంగ్లీషులోనో హిందీలోనో, ఆరేడు వాక్యాల్లో: పేరు, పుట్టిన తేదీ, స్థానం, ఎత్తు, ఆడిన పోటీలు ఏడాదితో సహా, చదువుతున్న గ్రూపు, మార్కులు, వీడియో లింకులు, పీఈటీ ఫోన్ నంబరు. పది, పన్నెండు చోట్లకు పంపండి.

కాలేజీ ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఒడిశా తూర్పు జోన్‌లో, ఆంధ్ర దక్షిణ జోన్‌లో ఉంటాయి. భువనేశ్వర్, సంబల్‌పూర్ వైపు పెద్ద జట్టులో చేరి మూడేళ్లు బెంచీ మీద కూర్చోవడం కంటే, బరంపురం యూనివర్సిటీ తరఫునో, ఆంధ్రలో ఒక మామూలు యూనివర్సిటీ తరఫునో ప్రతి మ్యాచ్ ఆడడం మేలు. ఉద్యోగాల కోసం చూసే రైల్వే, పోలీసు కోచ్‌లు మైదానంలో ఆడేవాళ్లనే చూస్తారు. పంజాబ్‌లో పటియాలా, అమృత్‌సర్, జలంధర్ కాలేజీలకు హాకీ పేరు పెద్దదే. అక్కడికి వెళ్లేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే బోర్డు, యూనివర్సిటీకి మారేందుకు ఇచ్చే పత్రం) ముందే తీసుకోవాలి. ఒడిశాలోనే చేరేవాళ్లు ప్లస్ త్రీ (డిగ్రీ) ఆన్‌లైన్ దరఖాస్తులో క్రీడల వెయిటేజీ గడి వదిలేయకండి. తర్వాత నింపనివ్వరు.

విదేశాల గురించి వెతికితే ‘హాకీ స్కాలర్‌షిప్’ అని వచ్చేవి చాలావరకు ఐస్ హాకీవి. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలో మన ఫీల్డ్ హాకీ అమ్మాయిలకే ఉంది. అబ్బాయిలు అక్కడ సమయం పెట్టనక్కర్లేదు. అమ్మాయిలకు నిజమైన అవకాశమే, కాకపోతే ఇంగ్లీషు పరీక్ష, మార్కులు పదో తరగతి నుంచే చూసుకోవాలి.

ట్రయల్స్ రోజు, ఆ తర్వాత

అసలు కాగితాలు, రెండేసి జిరాక్సులు, ఆరు ఫొటోలు, రెండు స్టిక్‌లు, షిన్ గార్డులు, మౌత్ గార్డు. పరుగు పరీక్ష, నైపుణ్యాల వరుస అయ్యాక మ్యాచ్ ఆడిస్తారు. అందులో అందరూ డ్రిబుల్ చేసి మెప్పించాలనే చూస్తారు. తొందరగా పాస్ ఇచ్చి, ఖాళీలోకి కదిలి, మళ్లీ అడిగేవాడు అక్కడే వేరుగా కనబడతాడు. బంతి పోయిన తర్వాత మొదటి ఐదు సెకన్లు ఏం చేశాడన్నది కోచ్ తప్పక రాసుకుంటాడు. నోరు విప్పి పిలవాలి. భాష రాదని మౌనంగా ఉండొద్దు. ‘లెఫ్ట్’, ‘మ్యాన్ ఆన్’ (ఎదుటివాడు మీదికి వస్తున్నాడు) అన్న మాటలు సుందర్‌గఢ్ పిల్లాడికీ మనకూ ఒకటే.

ఎంపికైతే ఫీజు పూర్తిగా మాఫీయా, సగమా, హాస్టల్, మెస్ ఎవరి ఖర్చు, మోకాలి లిగమెంట్ తెగితే వైద్యం ఎవరు చేయిస్తారు, ఆ ఏడాది సీటు ఉంటుందా, పోటీ రోజుల హాజరు ఎలా లెక్కిస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. సీటు ఇప్పిస్తానని మధ్యలో డబ్బు అడిగేవాళ్లకు రూపాయి ఇవ్వొద్దు.

ఎంపిక కాకపోతే అదే రోజు కోచ్ దగ్గరికి వెళ్లి ఏది తక్కువైందో ఒక్క ప్రశ్న అడగండి. చాలామంది నిజమే చెబుతారు. జవాబు రాసుకుని, ఆరు నెలలు దాని మీద పనిచేసి, కొత్త వీడియోతో ఆ కోచ్‌కే మళ్లీ మెయిల్ పెట్టండి. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వయసు 25 దాకా ఉంది. డిగ్రీలో వేరే కాలేజీకి ఆడి, తర్వాత పీజీకి తాము కోరుకున్న జట్టులో చేరేవాళ్లూ ఉన్నారు.