రెండెకరాల లాన్‌కి జీరో టర్న్ మోవర్: కొనే ముందు నేల చూడండి

జీరో టర్న్ మోవర్ కొనాలనుకునేవాళ్లు షాపులో మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అని. ట్రాక్టర్లతో వచ్చిన అలవాటు అది. గడ్డి కోసే బండికి హెచ్‌పీ మూడో లెక్క. మొదటి లెక్క మీ నేల, రెండోది ఆయిల్ ఒత్తిడితో వెనక చక్రాలను తిప్పే హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. ఆ రెండూ కుదిరితే ఇంజను గురించి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. డెక్, అంటే బండి కింద బ్లేడ్లుండే రేకు పెట్టె, దాని వెడల్పుకు తగ్గ ఇంజన్ని కంపెనీవాళ్లే పెట్టి అమ్ముతారు.

మామూలు రకం బండికి స్టీరింగ్ చక్రం ఉండదు, రెండు లివర్లు ఉంటాయి. ఎడమ లివర్ ఎడమ చక్రానికి, కుడి లివర్ కుడి చక్రానికి. ఒకటి ముందుకు నెట్టి ఇంకోటి వెనక్కి లాగితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందున్న చిన్న చక్రాలు ఊరికే దొర్లేవి. బండిని మళ్లించేదీ ఆపేదీ వెనక చక్రాలే. అందుకని తడిగడ్డి మీద అవి జారాయంటే స్టీరింగూ బ్రేకూ ఒకేసారి పోయినట్టు.

ఎవరికి వద్దు

పొదలకూరు వైపు నిమ్మతోటల్లో చెట్ల మధ్య గడ్డి కోసం దీన్ని కొనొద్దు. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, సీట్లో కూర్చున్న మనిషి మొహానికే ముళ్లు తగులుతాయి. పాదుల అంచుకు డెక్ తగిలి బ్లేడు మట్టిని చెక్కుతుంది. 16 ఎంఎం డ్రిప్ పైపు గడ్డిలో కనపడక బ్లేడుకు చుట్టుకుందా, ఇంజను ఆపి బండి కింద దూరి కత్తితో కోసి తీయాల్సిందే. ఆ పనికి బ్రష్ కట్టర్, పవర్ వీడర్ చాలు.

కావలి, అల్లూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల గట్లకైతే అసలే వద్దు. గట్టు అంచు విరిగితే బండి మనిషితో సహా నీళ్లలోకి పోతుంది. మూడు వందల కిలోల బండి మీద పడితే నడుంలోతు నీళ్లలో కూడా పైకి లేవలేరు. నీటి అంచు, గోడ అంచు, కాలవ అంచు ఎక్కడున్నా బండి వెడల్పుకు రెండింతల దూరం వదిలేసి, మిగిలిన గడ్డిని బ్రష్ కట్టర్‌తో కొట్టించడం మంచిది.

లాన్ ఎకరానికి తక్కువుంటే, దాంట్లో పూలమడులూ చెట్లూ ఎక్కువుంటే, 21 అంగుళాల సెల్ఫ్ ప్రొపెల్డ్ (చక్రాలు ఇంజనుతో తిరిగే) మోవర్ చాలు. నడిచి కోయాలి నిజమే, కానీ రిపేరు ఏ ఊళ్లోనైనా అవుతుంది.

లెక్క వేసే పద్ధతి

ఇంటి స్థలం మొత్తం కాదు, కోసే గడ్డి ఎంతుందో సెంట్లలో కొలవండి. ఇల్లు, బాట, షెడ్డు, చెట్ల మొదళ్లు తీసేస్తే మూడెకరాల ఫామ్‌హౌస్‌లో కూడా కోత రెండెకరాలకు మించకపోవచ్చు.

42 అంగుళాల డెక్ అంటే 1.07 మీటర్లు. పక్క వరస మీదికి కొంచెం ఎక్కించి కోస్తాం కాబట్టి పనికొచ్చేది 95 సెంటీమీటర్లు. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో 5,700 చదరపు మీటర్లు వస్తుంది. మలుపులకూ చెట్లకూ పాతిక శాతం తీసేస్తే సుమారు 4,300, అంటే ఎకరం దాటి ఓ ఆరు సెంట్లు. అదే 52 అంగుళాలకు 7 కిలోమీటర్ల వేగంతో గంటకు ఎకరంన్నర పైన. 21 అంగుళాల నడక మోవర్‌తో ఎకరానికి రెండున్నర గంటలు దాటుతుంది. బండి మీద గంటకు 12, 13 కిలోమీటర్లని రాసి ఉంటుంది. అది ఖాళీగా పోయే వేగం, కోతలో దాని జోలికి పోకండి.

ఈ లెక్కను మే నెలకు వేయకండి, నవంబరుకు వేయండి. మన నెల్లూరు, ఒంగోలు కోస్తాకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వారం ముసురు పట్టి వదిలేసరికి గరిక, తుంగ మోకాలెత్తు లేస్తాయి. మధ్యలో తెరిపిచ్చేది ఒకటి రెండు రోజులే. ఆ ఒక్క పూటలో మీ లాన్ మొత్తం అయిపోవాలి. రెండెకరాలకు 42 అంగుళాలతో రెండు గంటలు పడుతుంది, అది చాలు. మూడెకరాలు దాటితేనే 52 గురించి ఆలోచించండి.

వెడల్పు పెంచుకునే ముందు గేటు కొలవండి. 42 అంగుళాల డెక్కే గడ్డి విసిరే చూట్‌తో కలిపితే 50 అంగుళాలు దాటుతుంది, చూట్ పైకి మడిస్తే కొంత తగ్గుతుంది. పక్క సందులోని మూడడుగుల గేటులో ఇవేవీ పట్టవు. తర్వాత, లాన్‌లో దగ్గర దగ్గరగా ఉన్న రెండు చెట్ల మధ్య ఎంతుందో చూడండి. కొబ్బరిచెట్ల వరసకు ఇబ్బంది ఉండదు. కానీ కోతకు ముందు మట్టలు, రాలిన పిందెలు ఏరాల్సిందే.

మన నేలతో వచ్చే చిక్కులు

సముద్రం దాపున ఇసుక నేలైతే హై లిఫ్ట్ బ్లేడ్లు వద్దు. వాటి వెనక అంచు ఎక్కువ వంపు తిరిగి ఉండి గాలిని బలంగా పైకి లాగుతుంది, గాలితోపాటు ఇసుకా లేస్తుంది. గరుకు కాగితంతో రుద్దినట్టు బ్లేడు వంపు పలచబడి, చివరికి ముక్క విరిగి ఎగురుతుంది. లో లిఫ్ట్ బ్లేడ్లు అడగండి. ఉప్పుగాలికి డెక్ అడుగున తడిగడ్డి అంటుకుని ఉంటే తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి కోత అయ్యాక గీకేయాలి.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో వేరే తంటా. వాన వెలిసిన మర్నాడు పైన ఆరినట్టు కనపడుతుంది, లోపల జిగురు. బండి ఎక్కితే చక్రాల గాడులు పడతాయి, ఎండాక అవి రాయిలా గట్టిపడి ఆ తర్వాత ప్రతి కోతా ఎగుడుదిగుడే. బొటనవేలు నొక్కితే దిగే నేల మీదికి బండి ఎక్కించొద్దు. ఇక్కడ బరువు తక్కువున్న 42 అంగుళాల బండే నయం.

చీమకుర్తి గ్రానైట్ చిప్స్ బాటలకు పోస్తుంటారు. అవి లాన్‌లోకి చెదిరితే ప్రమాదం. బ్లేడు కొన గంటకు 300 కిలోమీటర్ల పైమాట వేగంతో తిరుగుతుంది. ఒక చిప్ తగిలితే కిటికీ అద్దమే కాదు, మనిషి కన్నూ పోతుంది. బాట అంచుకు ఎత్తుగా రాళ్లు కట్టించి, చిప్స్ బయటికి రాకుండా చూశాకే బండి కొనండి. చూట్ మూత ఊడదీసి నడపొద్దు. కోసేటప్పుడు మనుషులు, పిల్లలు, పశువులు దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక ముళ్లు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరుకాయ ఈ రెండూ జీరో టర్న్ టైర్లకు పగవాళ్లు. వెనక టైర్లలో గాలి 10 నుంచి 15 పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది, టైరు మెత్తగా పరుచుకుంటుంది, ముల్లు సులువుగా దిగుతుంది. పైగా ఒక పక్క రెండు మూడు పీఎస్‌ఐ తగ్గినా బండి ఆ పక్కకు లాగుతుంది, డెక్ కూడా వంగి కోత ఒక పక్క పొట్టిగా వస్తుంది. ఈ సంగతి తెలియక ట్రాన్స్‌మిషన్ పోయిందనుకుని మెకానిక్‌ని పిలిచేవాళ్లున్నారు. ముందు చక్రాలు గాలి లేని గట్టి రబ్బరువి తీసుకోండి. వెనకవాటిలో కొన్నరోజే పంక్చర్ మూసే టైర్ సీలెంట్ పోయించండి. తక్కువ పీఎస్‌ఐ చూపించే గేజ్ ఒకటి దగ్గరుంచుకోండి, లారీ టైర్ల గేజ్‌తో 12 పీఎస్‌ఐ సరిగా తెలియదు.

వాలు 10 డిగ్రీలు దాటిన చోట కోయకండి. 10 మీటర్ల దూరానికి 1.75 మీటర్ల ఎత్తు వస్తే 10 డిగ్రీలన్నట్టు. కొన్ని కంపెనీలు 15 దాకా ఒప్పుకుంటాయి, కానీ తడిగడ్డి మీద ఆ అంకెను నమ్మొద్దు. రోల్ బార్ (బండి బోల్తా పడితే మనిషి నలగకుండా సీటు వెనక ఉండే ఇనప కమ్మీ) ఉన్న బండే కొనండి. బార్ నిలబెట్టి ఉన్నప్పుడు సీట్ బెల్ట్ పెట్టుకోవాలి, కొమ్మల కింద బార్ మడిచినప్పుడు బెల్ట్ తీసేయాలి.

బండిలో ఏం చూడాలి

అసలు ఖర్చు దాక్కునేది ట్రాన్స్‌మిషన్‌లో. ఇళ్ల కోసం చేసిన తేలిక రకాలు, ఉదాహరణకు హైడ్రో గేర్ కంపెనీ ఈజెడ్‌టీ, చదును నేల మీద రెండెకరాల దాకా బాగానే పనిచేస్తాయి. అదే కంపెనీ జెడ్‌టీ 2800, 3100, 3400 వంటివి గట్టివి. వీటికి బయట ఫిల్టర్ ఉంటుంది. మొదటి ఆయిల్ 75 నుంచి 100 గంటలకు, ఆ తర్వాత 400 గంటలకోసారి మార్చుకోవచ్చు. సాధారణంగా పోసేది 20డబ్ల్యూ 50 ఇంజనాయిలే, అది నెల్లూరులో ఏ షాపులోనైనా దొరుకుతుంది. మన ఎండలకు ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, పట్టు తగ్గుతుంది. వీలుంటే ఫిల్టరున్న రకానికే వెళ్లండి. హెచ్‌పీ రెండు తగ్గినా ఫరవాలేదు.

డెక్ రెండు రకాలు. రేకును అచ్చు కొట్టి చేసింది, మందపాటి ప్లేట్లు వెల్డింగ్ చేసింది. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది: 12 గేజ్ సుమారు 2.7 మిల్లీమీటర్లు, 10 గేజ్ 3.4, 7 గేజ్ 4.5. మనకు 10 గేజ్ వెల్డింగ్ డెక్ తగినది. స్పిండిల్ (బ్లేడును తిప్పే ఇరుసు) బేరింగుల నంబరు అడగండి. 6203, 6204, 6205 లాంటి మామూలు నంబర్లయితే బేరింగుల షాపులో అరగంటలో తెచ్చుకోవచ్చు. స్పిండిల్ మొత్తం మారిస్తే తప్ప కుదరని రకమైతే, ఆ పార్టు వచ్చేదాకా బండి షెడ్డులోనే.

బెల్టు విషయంలో అలా కుదరదు. మోటారుకు వేసే మామూలు వీ బెల్టు కొలత సరిపోయినా నాలుగు కోతలకే కాలి తెగుతుంది. డెక్ బెల్టు వీపు మీద కూడా పుల్లీ నొక్కుతూ ఉంటుంది. దానికి అరామిడ్ అనే గట్టి దారం ఉన్న కంపెనీ బెల్టే కావాలి. అందుకే బండితోపాటే ఒక డెక్ బెల్టు, ఒక డ్రైవ్ బెల్టు, రెండు సెట్ల బ్లేడ్లు, ఎయిర్, ఆయిల్, పెట్రోల్ ఫిల్టర్లు కొని పెట్టుకోండి. ఇవి స్టాకులో లేవన్న డీలర్ దగ్గర ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.

ఇంజను 20 నుంచి 24 హెచ్‌పీ రెండు సిలిండర్లది చాలు, గంటకు మూడున్నర నుంచి ఐదు లీటర్ల పెట్రోలు తాగుతుంది. మెలిక పెట్రోలులోనే ఉంది. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోలర్, కవాసకి పెట్రోలు ఇంజన్ల మాన్యువళ్లలో మామూలుగా ఉండే హద్దు 10 శాతం. వారంటీకి ఏ పెట్రోలు ఒప్పుకుంటారో డీలర్ చేత బిల్లు మీదే రాయించుకోండి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, కోస్తాలో తేమకు కొదవ లేదు. నీళ్లు కలిసిన పెట్రోలు కార్బురేటర్ అడుగున చేరి జెట్టు మూసుకుపోతుంది. "నెల తర్వాత స్టార్ట్ కావట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి.

నడిపి చూసి తీసుకోండి

డెమో ఐదు నిమిషాలిస్తే ఒప్పుకోవద్దు, అరగంట అడగండి. చల్లగా ఉన్నప్పుడు ఏ ట్రాన్స్‌మిషనైనా బాగానే లాగుతుంది. అరగంట కోశాక చిన్న వాలు మీదికి నెమ్మదిగా ఎక్కించి చూడండి. ఒక చక్రం వెనకబడితే, లివర్ పూర్తిగా నెట్టినా బండి ఈడ్చుకుంటూ పోతే, పంపు అరిగినట్టు. సెకండ్ హ్యాండ్ బండికి ఇదే అసలు పరీక్ష, గంటల మీటరు కాదు. తర్వాత ఇంజను ఆపి, తాళం తీసి, ప్లగ్గు వైర్లు పీకి, చేతికి గట్టి గ్లవుజు వేసుకుని బ్లేడు కొన పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొడలొడలాడితే స్పిండిల్ బేరింగ్ పోయినట్టే. బ్లేడ్లు తిరుగుతుండగా సీటు మీద నుంచి కొంచెం లేస్తే ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే ఎవరో సీటు స్విచ్ వైరు కలిపేసి ఉంటారు. అది సరిచేశాకే బేరం.

బండి ఇంటికి వచ్చాక మొదటి పని డెక్ లెవల్. సిమెంటు నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచేసి, ఇంజను ఆపి, ప్లగ్గు వైర్లు తీసి బ్లేడు కొనల ఎత్తు కొలవండి. ఎడమ కుడి సమానంగా, ముందు కొన వెనకదాని కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. వెనక కిందికి ఉంటే కోసిన గడ్డినే మళ్లీ కోస్తుంది, ఇంజను బరువుగా మూలుగుతుంది. కోత ఎత్తు గరికకైతే ఒకటిన్నర నుంచి రెండంగుళాలు పెట్టండి. ముసురు తర్వాత మోకాలెత్తు లేచినప్పుడు ఒకేసారి అంత కిందికి దింపొద్దు: మొదట డెక్ పూర్తిగా పైకెత్తి ఒక కోత, మూడు నాలుగు రోజులాగి ఇంకోటి. మలుపుల దగ్గర ఉన్నచోటే గిర్రున తిప్పితే లోపలి చక్రం గడ్డిని వేళ్లతో సహా పీకేస్తుంది. రెండు చక్రాలూ దొర్లుతూ ఉండేలా, కొంచెం వెనక్కి తీసి మళ్లించాలి.

ఇంజను ఆయిల్ మొదటిసారి 5 నుంచి 8 గంటలకు, తర్వాత 100 గంటలకోసారి, ఎండాకాలం దుమ్ములో నడిపితే 50 గంటలకే మార్చండి. ఎయిర్ ఫిల్టర్ మీది ఫోమ్ పాతిక గంటలకోసారి కడిగి ఆరబెట్టండి. సైలెన్సర్ చుట్టూ, ట్రాన్స్‌మిషన్ ఫ్యాన్ల దగ్గర పేరుకున్న ఎండుగడ్డిని ప్రతి కోత తర్వాత బ్లోయర్‌తో ఊదేయండి. మేలో అది నిప్పంటుకోవడానికి వేడి సైలెన్సర్ చాలు. బండి చల్లారాకే షెడ్డులో పెట్టి కవర్ కప్పండి.