మనల్ని అడగకుండా పోయే నెలవారీ ఖర్చులను ఆపడం ఎలా?

ఇంటి ఖర్చు తగ్గించాలనుకోగానే చాలామంది మొదట కూరగాయల మీద, పండ్ల మీద, పిల్లల చిరుతిళ్ల మీద పడతారు. రోజూ పదీ ఇరవై దగ్గర బిగబడితే ఇంటిల్లిపాదికీ విసుగు పుడుతుందే తప్ప నెలాఖరుకు మిగిలేది స్వల్పం. ముందు చూడవలసినవి మన చేతుల మీదుగా కాకుండా ఖాతా నుంచి నేరుగా పోయే ఖర్చులు. వాటికి ఎప్పుడో ఒకసారి ఒప్పుకొని ఉంటాం. ఆ తర్వాత అవి నెలనెలా, కొన్ని ఏటేటా, వాటంతట అవే కోత పడుతూ ఉంటాయి. ఒక్కసారి పూనుకొని ఆపితే మళ్లీ వాటి కోసం నోరు కట్టుకోవలసిన పని ఉండదు.

ఇందుకు బ్యాంకు నుంచి పన్నెండు నెలల స్టేట్‌మెంటు తీసుకోవాలి. ఒక నెలది చాలదు, ఎందుకంటే ఏటీఎం కార్డు వార్షిక రుసుము, బీమా ప్రీమియం, ఏడాది చందాలు వంటివి అందులో కనబడకపోవచ్చు. భార్యాభర్తలిద్దరి ఖాతాలతో పాటు క్రెడిట్ కార్డు బిల్లులనూ, ఇంట్లో పెద్దవారి పెన్షన్ ఖాతానూ ముందు వేసుకొని, ఒకే పేరు మళ్లీ మళ్లీ వచ్చిన ప్రతిచోటా ఎర్రసిరాతో గుర్తు పెట్టాలి. ఆ తర్వాత వేరే కాగితం మీద ఒక్కొక్కటి ఏడాదికి ఎంతవుతుందో రాయాలి. నెలకు 199 రూపాయలంటే పట్టించుకోము. అదే ఏడాదికి 2,388 రూపాయలని రాసుకున్నప్పుడు, దానికి తగినంతగా వాడుతున్నామా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఓటీటీ చందాలు, సంగీతం యాప్‌లు, ఫొటోలు దాచే అదనపు స్టోరేజీ, ఎప్పుడో ఉచిత ట్రయల్‌కు ఒప్పుకొన్న పిల్లల పాఠాల యాప్ వంటివన్నీ సాధారణంగా యూపీఐ ఆటోపే ద్వారానో కార్డు ద్వారానో కోత పడతాయి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందని అనుకోకూడదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే విభాగం తెరిస్తే మనం ఆ యాప్ ద్వారా ఇచ్చిన అనుమతులు వరుసగా కనిపిస్తాయి. అక్కరలేని వాటిని అక్కడే రద్దు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం పంపాలి. అయితే 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగవలసిన అవసరం లేదు కనుక, ఆ మెసేజీని చదవకుండా వదిలేస్తే డబ్బు పోయినట్టే.

మొబైల్ రీచార్జిలో 28 రోజుల ప్లాన్ తీసుకుంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు అవుతాయి. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక 30 రోజుల ప్లాన్‌లు కూడా అందుబాటులోకి వచ్చాయి కనుక రోజుకు ఎంత పడుతోందో లెక్క వేసి పోల్చుకోవాలి. ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో మాట్లాడడానికి మాత్రమే ఫోన్ ఉంటే, డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌ను అడిగి తీసుకోవాలి. ఇక టీవీ సంగతి: పే చానళ్లను విడివిడిగా ఎంచుకొనే హక్కు 2019 నుంచి ఉంది. ఇంట్లో నిజంగా చూసేవేవో రాసుకొని, మిగతావి తీసేయమని కేబుల్ ఆపరేటర్‌కు చెబితే సరిపోతుంది.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది కరెంటు బిల్లు మీద. తెలంగాణలో 2022 నాటి టారిఫ్ లెక్క తీసుకుందాం. నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి నూరు యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి నూరు 4.80 చొప్పున మొత్తం 820 రూపాయలవుతుంది. అదే ఇల్లు 201 యూనిట్లు వాడితే పై వర్గంలోకి వెళ్లిపోతుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆ ఒక్క యూనిట్‌కు మరో 7.70 పడుతుంది. అంటే, ఇతర చార్జీలు అటుంచితే, ఒకే ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయలు దాటుతోంది. 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకంలో ఉన్నవారికైతే 200 దాటిన నెలలో సున్నా బిల్లే చేజారిపోతుంది. కాబట్టి బిల్లు కొట్టిన రోజున మీటరు రీడింగు రాసిపెట్టుకొని, ఇరవై రోజులకు ఇంట్లోవారే మరోసారి చూసుకోవాలి. అప్పటికే 150 దాటి ఉంటే మిగిలిన పది రోజుల్లో గీజరు, ఏసీ వాడకం అదుపులో పెట్టాలి. రెండు వేల వాట్ల గీజరు అరగంట వేడెక్కితే ఒక యూనిట్ అయిపోతుంది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లకు అటూఇటూ తీసుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఒక్క ఫ్యాన్‌ను మార్చినా నెలకు సుమారు 16 యూనిట్లు తగ్గుతాయి. అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు, పడకగదిలోదానితో మొదలుపెడితే చాలు.

కోత పెట్టకూడనివీ ఉన్నాయి. ఆరోగ్య బీమాను, పెద్దవారి మందులను, ఇంటి పనికి వచ్చే ఆవిడ జీతాన్ని ఈ కాగితంలోకి లాగడం నా దృష్టిలో పొదుపు కాదు. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 436 రూపాయలు జీవనజ్యోతి అనే జీవిత బీమాకు, 20 రూపాయలు సురక్షా అనే ప్రమాద బీమాకు పోతుంటే వాటిని ఉంచుకోవాలి. అయితే ఒక మనిషి ఒక ఖాతా ద్వారానే ఈ పథకాల్లో చేరాలి. రెండు బ్యాంకుల్లో కోత పడుతుంటే రెండోదాని వల్ల అదనపు రక్షణ రాదు కనుక, ఆ బ్యాంకుకు వెళ్లి లిఖితపూర్వకంగా ఆపించుకోవాలి. వాడకంలో లేని ఖాతాను మూసివేస్తే కార్డు రుసుము, ఎస్ఎంఎస్ చార్జీలు కూడా పోతాయి.

ఇలా ఆపినవన్నీ కూడి నెలకు ఎంత మిగిలిందో చూసుకున్నాక, ఆ మొత్తాన్ని ఖాతాలోనే వదిలేస్తే వేరే ఖర్చులో కలిసిపోతుంది. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు దానికి కట్టాలి, ఎందుకంటే ఆ వడ్డీని మించిన రాబడి ఏ డిపాజిట్‌లోనూ రాదు. బాకీ లేనివారు జీతం పడిన మర్నాడే, నెలనెలా కొంత జమచేసే రికరింగ్ డిపాజిట్‌కు ఆ మొత్తం వెళ్లేలా బ్యాంకుకు ఆదేశం ఇవ్వవచ్చు; పోస్టాఫీసులోనైతే నెలకు 100 రూపాయలతోనే అయిదేళ్ల ఖాతా తెరవవచ్చు.