పాత క్యాసెట్ల పింక్ ఫ్లాయిడ్ పాటలు, వాటెనక జ్ఞాపకాలు పోకుండ దాచుకునుడు ఎట్ల

ఫోన్ల పింక్ ఫ్లాయిడ్ అని కొడితే రెండు సెకన్లల అన్ని పాటలు వస్తయి, సౌండు గూడ మంచిగుంటది, మరి ఈ పాత క్యాసెట్ ఇంక ఎందుకు బాపూ అని మా బిడ్డ అడిగింది. పింక్ ఫ్లాయిడ్ అంటె ఇంగ్లండ్ రాక్ బ్యాండ్. నేనేం చెప్పలే, క్యాసెట్ వేసి వినిపించిన. పాట నడుమ మా అమ్మ గొంతు ఇనవడంగనే అది ఫోన్ పక్కకు పెట్టి దగ్గరికొచ్చి కూసున్నది. ఆ తర్వాత నెల రోజులు కూసొని ఆ క్యాసెట్‌ని కంప్యూటర్లకు ఎక్కించి, దాని వెనక ముచ్చట్లన్ని మా గొంతుతోని రికార్డ్ చేసి పెట్టిన. ఎట్ల చేసిన్నో, యాడ తప్పు చేసిన్నో ఇక్కడ రాస్తున్న, మీ ఇంట్ల గూడ గట్లాంటి క్యాసెట్ ఉంటే జర టైం తీసుకొని చేయుండ్రి.

ముందు నా క్యాసెట్ సంగతి చెప్తె మిగతాది అర్థమైతది. 1996ల హన్మకొండల మా ఇంటి పైన రూంల యూనివర్సిటీల పీజీ చదివే ఒక అన్న కిరాయికుంటుండె. ఆయన దోస్తు ఆర్ఈసీ, అంటె రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, హాస్టల్ల ఉండె, ఆ దోస్తు దగ్గర పింక్ ఫ్లాయిడ్ ఒరిజినల్ క్యాసెట్లు రెండు, ఒక్క రాత్రి కోసం అన్న అడుక్కొచ్చిండు, పొద్దుగాల ఏడింటికల్ల తిరిగి ఇయ్యాలె. రికార్డింగ్ షాపుకు ఇద్దామంటె అంత టైం లేదు. ఇగ ఏం చేసినమంటె అన్న టేప్ రికార్డర్ల ఒరిజినల్ వేసి, దాని ముంగట మెత్త మీద మా టేప్ రికార్డర్ పెట్టి, దానికున్న మైకుతోనే ఖాళీ క్యాసెట్ల రికార్డ్ చేసినం. 90 నిమిషాల క్యాసెట్, ఒక్కో సైడు 45 నిమిషాలు. ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ 43 నిమిషాల దాక ఉంటది, విష్ యూ వర్ హియర్ 44 నిమిషాల దాక, అంటె ఒక్క క్యాసెట్ల అటో ఆల్బం ఇటో ఆల్బం అతికినట్టు పడుతయి. మైకు పెట్టి చేసినం కాబట్టి పాటతో పాటు మా ఇల్లు మొత్తం అండ్ల పడ్డది.

ఇప్పుడు పనిలకు పోదాం. క్యాసెట్ దొరకంగనే ప్లేయర్ల వేసి నొక్కకుండ్రి, ఇదే అన్నిటికంటె పెద్ద జాగ్రత్త. ముందు కిటికీల నుంచి టేపును చూడుండ్రి, తెల్లగ బూజు లెక్క మచ్చలుంటే వానకాలం తేమకు ఫంగస్ పట్టినట్టు, దాన్ని మంచి ప్లేయర్ల వేస్తె ఆ ప్లేయర్ గూడ కరాబైతది, తర్వాత వేసిన క్యాసెట్లకు గూడ అంటుతది. టేపు నడుమ చిన్న స్పాంజి ముక్క ఒకటి ఉంటది, టేపును ప్లేయర్ హెడ్ కు, అంటె టేపును చదివే భాగానికి, ఒత్తి పట్టేది అదే, పాతవాటిల అది ఊడిపోయి ఉంటది, వేరే పనికిరాని క్యాసెట్‌ది తీసి పెట్టుకోవచ్చు. టేపు తెగి ఉంటే మామూలు సెల్లోటేప్ అస్సలు అంటించొద్దు, ఎండకాలం దాని జిగురు కారి పక్క పొరలకు అంటుకుంటది, అతికే టేపు సపరేటుగ దొరుకుతది, అదే తెప్పించుకోండ్రి. మీద రెండు చిన్న పలకలుంటయి గదా, అవి విరిచి లేకపోతె ఇప్పుడే విరిచెయ్యుండ్రి, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. అన్ని చూసుకున్నంక ఒకసారి మొత్తం ముందుకు, ఒకసారి మొత్తం వెనుకకు తిప్పాలె. ఏండ్ల తరబడి కదలకుండ ఉన్న పొరలు ఒకదానికొకటి పట్టుకొని ఉంటయి, గట్ల తిప్పితె విడిపోతయి.

ప్లేయర్ హెడ్ తుడవనీకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవుల పుల్లలు చాలు. రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ వద్దు, రబ్బరు ఎండిపోతది, తడి బట్టతోని తుడిచి ఆరనియ్యుండ్రి. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు రెండు దిక్కుల పిన్ను ఉన్న స్టీరియో వైరు పెట్టాలె. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి హెడ్‌సెట్ రంధ్రం ఒక్కటే ఉంటది, అండ్ల పెడితె సరిగ పడదు, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ డబ్బా ఒకటి కొనుక్కోండ్రి. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, ఫ్రీ. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో, వేవ్ ఫైల్ గ సేవ్ చేస్తె నిమిషానికి 10 ఎంబీ దాక అయితది, అంటె మొత్తం క్యాసెట్‌కు 900 ఎంబీ దాక. సౌండు ఎంత గట్టిగొచ్చినా మీటర్ల మైనస్ 6 దాటకుండ వాల్యూం పెట్టుకోండ్రి. టైమ్ పాట మొదట్ల గడియారాలు మోగేకాడికి పోయి అక్కడ చూసుకుంటె చాలు, మొదటి సైడ్ల అంతకంటె గట్టి చోటు నాకు తగల్లే.

ఆ గడియారాల సంగతి ఒకటి చెప్పాలె. సౌండ్ ఇంజనీర్ అలాన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంల ఒక్కో గడియారాన్ని సపరేటుగ రికార్డ్ చేసి పెట్టుకున్నడు, అవన్ని కలిపి ఒక్కసారే మోగిచ్చిన్రు. మేము రికార్డ్ చేసేటప్పుడు తెల్లారుజామున నాలుగు గంటలు, అవి మోగంగనే మా ఇంట్ల అందరు లేచిన్రు. మా బాపు ఏమి తిట్టలే, వచ్చి బల్ల మీద కూసున్నడు. ఆయన మా వాడకట్టు భజన మండలిల తాళం పట్టుకునెటోడు. మనీ పాట వచ్చినప్పుడు మేము లెక్క పట్టనీకి చూసి తప్పుతున్నం, ఆయన బల్ల మీద వేళ్లతోని మూడు నాలుగు మూడు నాలుగు అని కొట్టుకుంట పోయిండు. ఆ పాట ఏడు లెక్కల మీద నడుస్తది, మన మిశ్ర చాపు తాళం అదే గదా. గిటార్ సోలో కాడ నాలుగు లెక్కలకు మారుతది, మారంగనే ఆయన వేళ్లు గూడ మారినయి. ఆ టకటకలు క్యాసెట్ల పడ్డయి, ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటె ఎడమ చెవిల సన్నగ ఇనవడుతది.

అందుకే చెప్తున్న, ఆడాసిటీల వెనక సప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ తోని జర జాగ్రత్త. ఫస్ట్ సారి నేను ఆత్రంతోని మస్తు ఎక్కువ పెట్టిన, టేపు హిస్సు, అంటె వెనక వచ్చే స్స్ అనే సప్పుడు, పోయింది, దాంతో పాటు బాపు వేళ్లు పోయినయి, అమ్మ గొంతు నీళ్లల మాట్లాడినట్టయింది. అదృష్టం బాగుండి అసలు ఫైల్ ముట్టుకోకుండ కాపీ మీద చేసిన. మీరు గూడ ఎక్కించిన అసలు ఫైల్‌ని ఎన్నడు మార్చొద్దు, ఏ పని చేసినా కాపీ మీద చేయుండ్రి. నా మట్టుకైతె హిస్సు ఉన్నది ఉన్నట్టే ఉంచిన.

ఇంకొక చిక్కు స్పీడు. పాత ప్లేయర్ల బెల్టు సాగిపోయి పాట నిదానంగ నడుస్తది, గొంతులు మొద్దుగైతయి. ఫోన్ల ఒరిజినల్ పాట ఎన్ని సెకన్లు ఉన్నదో చూసి మీదానితోని పోల్చుకోండ్రి, 400 సెకన్లదానికి 412 వస్తె 3 శాతం నిదానం అన్నట్టు, ఆడాసిటీల స్పీడు అంత పెంచుకోవచ్చు. మా క్యాసెట్‌కైతె రెండు టేప్ రికార్డర్ల తేడా గూడ కలిసింది, సరిచేసినంక అమ్మ గొంతు ఆ వయసుల గొంతు లెక్క వచ్చింది, అప్పటిదాక ఏదో తేడా అనిపించుకుంటనే ఉండె.

ఇగ జ్ఞాపకాల పని. ఇది టేపు పనికంటె కష్టం, ఎందుకంటె మన మనసు ఏది సక్కగ పెట్టుకోదు. ఒక నోట్‌బుక్ తీసుకొని పాటకొక పేజీ రాయుండ్రి, ముందు జ్ఞాపకం రాసి తర్వాత పాట పేరు రాయాలె, ముందు పాట పేరు రాస్తె పాట గురించి అందరు చెప్పే మాటలే రాసుకుంట పోతరు. ఎవరున్నరు, ఏ రూం, ఏం తిన్నం, కరెంటు ఉండెనా, గిసొంటివి రాయుండ్రి. తారీఖులు గుర్తురాకపోతె మన దగ్గర పట్టుకునే గుంజలు మస్తుంటయి. మేడారం జాతర రెండేండ్లకోసారి, జాతరకు ముందా తర్వాతనా అని అడిగితె ఏ ఇంట్ల పెద్దోళ్లైనా టక్కున చెప్తరు. ఆర్ఈసీ 2002ల ఎన్ఐటీ అయింది, ఎవరన్న కథల ఆర్ఈసీ అంటున్నరంటె అది అంతకు ముందుదే అయ్యుండొచ్చు, గని పాత అలవాటుతోని తర్వాత గూడ అన్నోళ్లున్నరు, అదొక్కటే పట్టుకోవద్దు.

నాకేమో ఆ రాత్రి వాన పడ్డట్టు బాగ గుర్తు, రేకుల మీద సప్పుడు గూడ గుర్తున్నది. అన్న ఇప్పుడు కరీంనగర్ల ఉంటడు, ఫోన్ చేసి అడిగితె వాన ఏంది తమ్మీ, ఉక్కకు అంగీలు ఇప్పి కూసున్నం గదా అన్నడు. ఇద్దరం పది నిమిషాలు వాదులాడుకున్నం. తర్వాత అస్ అండ్ దెమ్ పాట మెత్తగ నడిచేకాడ హెడ్‌ఫోన్ పెట్టి మళ్లీ విన్న, బ్యాండ్ల కీబోర్డు వాయించే రిక్ రైట్ పియానో వెనక కోయిల కూస్తుంది. ఒక్కసారి గాదు, నాలుగైదు సార్లు. కోయిల గట్ల వదలకుండ కూసేది ఉగాది దిక్కు, ఎండలు ముదిరేటప్పుడు. ఆ ఏడు జాతర ఫిబ్రవరిల అయింది, ఇంకో రెండు నెలలకన్నట్టు. అన్ననే కరెక్టు. వాన జ్ఞాపకం వేరే ఏదో రాత్రిది, ఇదే క్యాసెట్ వాన పడుతుండంగ విన్నదేమో, అది గూడ వేరే పేజీల రాసుకున్న, కొట్టేయలే. మీకు గూడ గట్ల రెండు మాటలు వస్తె రెండూ రాయుండ్రి, ఎవరన్నరో పేరు రాయుండ్రి, తర్వాత టేపునే అడుగుండ్రి.

పాట అసలు కథ గూడ తెలుసుకొని పక్కన పెట్టుకోవాలె, గని మన కథల కలపొద్దు. షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్ వాళ్ల పాత సింగర్ సిడ్ బారెట్ మీద కట్టింది, ఆయన మనసు బాగలేక బ్యాండ్ నుంచి దూరమైండు. 1975 జూన్ 5న అదే పాట పని నడుస్తుండంగ ఆయనే ఆబీ రోడ్ స్టూడియోకు వచ్చిండు, లావై, గుండు చేసుకొని, కనుబొమ్మలు గూడ తీసేసి ఉంటె కలిసి తిరిగిన దోస్తులే ముందు గుర్తుపట్టలే. ఇది తెలిసినంక ఆ పాట మొదట్ల గిటార్ నాలుగు స్వరాలు వింటె నాకు గొంతు పట్టుకుంటది. గని మా సైడ్ బీల ఆ పాట వెనక ఉన్నది అన్న కిరోసిన్ స్టవ్ సప్పుడు, చాయ్ పెడుతుండె. రెండు ముచ్చట్లు రెండు పేజీలల్ల ఉన్నయి.

ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై గురించి మాత్రం ఎక్కువ రాస్తున్న, ఏమనుకోవద్దు. అండ్ల మాటలు పాడుడు ఉండదు, ఒక ఆడమనిషి గొంతు ఎత్తి దించి, ఏడ్చినట్టు, అరిచినట్టు, ఆఖరికి అలిసిపోయినట్టు పాడుతది. ఆమె పేరు క్లేర్ టోరీ, 1973 జనవరిల ఒక్క పూట పిలిపించి పాడించిన్రు, 30 పౌండ్లు ఇచ్చిన్రు. చావు గురించి అనుకొని చేసిన పాట అది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆ బ్యాండ్ పేరు తెల్వది, ఆ పొద్దు బిందెలు కడుక్కుంట గడప కాడికి వచ్చి నిలబడి అన్నది క్యాసెట్ల సాఫ్‌గ ఇనవడుతది, "ఎవలు సచ్చిపోయిన్రురా, గంతగనం ఏడుస్తుంది పిల్ల." అప్పుడు నేను ష్ ష్ అన్న, అది గూడ పడ్డది. ఇంకో పది నిమిషాలకు నల్లా వచ్చింది బిందెలు తేపో అన్నది, కోయిల కూసేకాడ.

అమ్మకు మొన్న అది వినిపించిన, హెడ్‌ఫోన్ వద్దన్నది, స్పీకర్ల పెట్టిన. తన గొంతు కంటె ముందు పాటనే విన్నది, మొత్తం అయ్యేదాక కదలలే. తర్వాత వాళ్ల అక్క, అంటె మా పెద్దమ్మ, పోయిన రోజు ముచ్చట చెప్పింది, నేను ఎన్నడు వినలే ఆ ముచ్చట. ఫోన్ల రికార్డర్ ఆన్ చేసి ఉంచిన కాబట్టి దొరికింది. పెద్దోళ్లకు వినిపిచ్చేటప్పుడు ముందే రికార్డర్ ఆన్ చేసి, చెప్పి, పక్కకు పెట్టుండ్రి, నడుమల ఆన్ చేస్తె మాట ఆగిపోతది. ఫ్యాన్ బంద్ చేయుండ్రి, కుక్కర్ ఉన్న టైం వద్దు, పరుపు, దుప్పట్లు ఉన్న రూం అయితె గొంతు మారుమోగదు, ఫోన్ నోటికి జానెడు దూరంల ఉంటె చాలు. ఏమడగాల్నో రాసుకొని చదవకుండ్రి, ఒక పాట వేసి ఊకుంటె వాళ్లే మాట్లాడుతరు.

క్యాసెట్ లేనోళ్లు గూడ ఇది చేయొచ్చు. 45 నిమిషాలు అని గీత గీసుకొని అండ్ల పట్టే పాటలే తీసుకోండ్రి, పట్టకపోతె ఏదో ఒకటి వదులుకోవాలె, వదులుకునేటప్పుడే ఏది నిజంగ మీదో తెలుస్తది. నాకు కంఫర్టబ్లీ నమ్ అట్లనే నిలిచింది, కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే ప్యాసింజర్ల, కొత్త ఉద్యోగానికి పోతుంటె, ఆఖరి గిటార్ సోలో స్టేషన్ ఘన్‌పూర్ దాటేటప్పుడు వచ్చింది, గుట్టలు వెనుకకు పోతున్నయి, ఇంటికి వాపస్ పోవాల్నని ఎంత అనిపించిందో. ఆ 1979 పాటకు నేను ఏసుకున్న పేజీ గంతే, ఎనిమిది లైన్లు.

ఫైళ్లు దాచేటప్పుడు పాటకొక ముక్క చేయకుండ సైడుకొక ఫైల్ పెట్టుండ్రి, డార్క్ సైడ్ల పాటలు ఒకదాంట్లకు ఒకటి కలిసి పోతయి, ముక్కలు చేస్తె నడుమ ఆగుతది. రెండు చోట్ల దాయాలె, ఒకటి ఇంట్ల హార్డ్ డిస్క్, ఒకటి వేరే ఇంట్ల. పాటలు వేరేవాళ్ల సొత్తు, నెట్‌ల ఎక్కించొద్దు, ఇంటోళ్లకు పంపేదుంటె మీ గొంతులు ఉన్న ముక్కలు, పాటల లిస్టు పంపితె సరిపోతది.

అసలు క్యాసెట్ పారేయకుండ్రి. ఒక చివరిదాక తిప్పి, డబ్బాల పెట్టి, నిలువుగ, స్పీకర్లకు దూరంగ బీరువల పెట్టుండ్రి. పైన చీటీ పాతదైతె మళ్లీ రాయాలె, పెన్సిల్ వద్దు, పెన్నుతోని. క్లేర్ టోరీ ఆ పాట పాడినంక 2004ల కోర్టుకు పోయింది, 2005ల రాజీ అయింది, అప్పటి నుంచి పాట కట్టినోళ్లల్ల రిక్ రైట్ పక్కన ఆమె పేరు గూడ వేస్తున్నరు, 32 ఏండ్లకు. నేను సైడ్ ఏ చీటీ మీద ఆ పాట కాడ వాళ్లిద్దరి పేర్లు రాసి, కింద అమ్మ పేరు రాసిన, మనీ కాడ బాపు పేరు.