ఆఫీసు గదిలో మంచి స్పీకర్లకు ఎలాంటి ఆంప్లిఫయర్ కొనాలి?

స్పీకర్ వెనక రాసిన వాట్లను బట్టి ఆంప్లిఫయర్ కొనకండి. ముందు చూడాల్సినవి స్పీకర్ సెన్సిటివిటీ, కనిష్ఠ ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు).

కేఈఎఫ్ కంపెనీ స్పీకర్ ఎల్‌ఎస్‌50 మెటానే తీసుకుందాం. సెన్సిటివిటీ 85 డెసిబెల్స్. అంటే 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో అంత శబ్దం. టేబుల్ దగ్గర 75 డెసిబెల్స్‌తో వినడానికి 0.1 వాట్ చాలు. డప్పు దెబ్బ సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేస్తే 10 వాట్లు, 2 మీటర్ల దూరానికైతే దాదాపు 40. అందుకని 8 ఓమ్‌లకు 50-80 వాట్లు ఆఫీసుకు పుష్కలం.

అసలు చిక్కు ఇంపీడెన్స్‌తోనే. పేరుకు 8 ఓమ్‌లైనా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.5కి పడిపోతుంది, కరెంటు రెట్టింపుకు పైగా లాగుతుంది. బలహీనమైన పవర్ సప్లై ఉన్న ఆంప్ శబ్దం పెంచగానే క్లిప్ అవుతుంది, అంటే శక్తి చాలక ధ్వని తరంగం కొసలు తెగి శబ్దం చెడుతుంది. అప్పుడు మొదట బలయ్యేది ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే చిన్న భాగం). 4 ఓమ్‌ల వాట్లు విడిగా ఇచ్చారా, అవి 8 ఓమ్‌ల అంకెకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్నాయా చూడండి. ఆ అంకె దాచిన ఆంప్ జోలికి పోవద్దు.

కొనేముందు పాట ఆపి, వాల్యూమ్ తగ్గించకుండా వినండి. కుర్చీ దూరానికి బుస వినిపిస్తే వదిలేయండి.

లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్‌మంటే అది సాధారణంగా గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగల మధ్య తిరిగే అనవసర కరెంటు. లాప్‌టాప్‌, ఆంప్‌ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు పెట్టండి, పోకపోతే, యూఎస్‌బీతో కలిపి ఉంటే, యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండింటి మధ్య విద్యుత్ సంబంధాన్ని తెంచే చిన్న పరికరం) వాడండి. ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, షాక్ ప్రమాదం.

ఎక్కువ వేడెక్కే క్లాస్ ఏబీ రకం ఆంప్‌కు పైన 10 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఇరుకు అరలోనైతే తక్కువ వేడెక్కే క్లాస్ డీ రకం మేలు.